వ్యాక్యూమ్ పెన్నులో డబ్బు దేనికి పెడుతున్నాం? గోదావరి ఎండకూ ఉక్కకూ ఆగే ఇంకు పెన్ను సంగతి

రాజమండ్రి చుట్టుపక్కల ఇంకు పెన్ను అంటే చాలామంది కళ్లముందు మెదిలేది ఒకటే రూపం. నల్లటి ఎబొనైట్ (గట్టి రబ్బరు) గొట్టం, మెడ దగ్గర మర, ఆ మర విప్పి ఫిల్లర్‌తో చుక్క చుక్కగా సిరా పోసుకోవడం. ఈమధ్య ఇంకు పెన్నుల మీద మళ్లీ మనసు పడుతున్న కుర్రకారుకి ఆన్‌లైన్ అంగళ్లలో ఇంకో మాట ఎదురవుతోంది: వ్యాక్యూమ్ ఫిల్లర్. ఒక్క తోపుతో పెన్ను నిండిపోతుందంటారు, విమానంలో కూడా కారదంటారు, ధర చూస్తే ఐదారు మామూలు పెన్నుల పెట్టు. దాని లోపల ఏముంది, మన వాతావరణంలో ఎంతవరకు పనికొస్తుంది, ఏ సిరా పోస్తే బతుకుతుంది అన్నవి వేర్వేరు ప్రశ్నలు. అమ్మేవాళ్లు మూడింటినీ కలిపి చెప్పేస్తారు. కొన్నాక చాలామంది నిరాశపడేది అందుకే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. శూన్యంతో నిండడం చూడముచ్చటగానే ఉంటుంది. కానీ డెల్టాలో ఉండేవాడికి ఆ పెన్నులో నిజంగా పనికొచ్చేది శూన్యం కాదు, గొట్టానికీ పాళీకీ మధ్య పడే చిన్న తలుపు. ఆ తలుపు పదికాలాలు సరిగ్గా మూసుకోవాలంటే సిరా ఎంపికలో జాగ్రత్త పడక తప్పదు.

పేరు ఒకటే, లోపలి యంత్రాలు వేరు

పాత పెన్నులు సేకరించేవాళ్లు ఎక్కువగా తికమకపడేది పార్కర్ వ్యాక్యుమాటిక్ దగ్గర. 1933లో వచ్చిన ఆ పెన్ను పేరులో వ్యాక్యూమ్ ఉంది గానీ, పద్ధతి వేరు. వెనక బటన్ నొక్కినప్పుడల్లా లోపలి పల్చటి రబ్బరు పొర సాగి ముడుచుకుంటుంది, ప్రతి నొక్కుకూ కాస్త గాలి పోయి కాస్త సిరా వస్తుంది. పెన్ను నిండాలంటే వరసగా పలుమార్లు నొక్కాలి. ఏళ్లు గడిస్తే ఆ పొర బిరుసెక్కి పగులుతుంది, మార్చడం తెలిసిన చెయ్యి కావాలి.

రెండోది షెఫర్ 1949లో తెచ్చిన టచ్‌డౌన్. దీనికి వెనక నుంచి బయటికి లాగే గొట్టం ఉంటుంది కాబట్టి పైకి చూస్తే వ్యాక్యూమ్ ఫిల్లర్‌లాగే కనబడుతుంది. లోపల మాత్రం సిరా రబ్బరు సంచిలో ఉంటుంది. గొట్టాన్ని లోపలికి తోస్తే గాలి నొక్కుకుని, ఆ ఒత్తిడికి సంచి చప్పబడుతుంది. ఒత్తిడి తొలగగానే సంచి తేరుకుంటూ సిరా పీల్చుకుంటుంది. ఇక్కడ పనిచేసింది గాలి ఒత్తిడి, శూన్యం కాదు.

అసలు వ్యాక్యూమ్ ఫిల్లర్ ఈ రెండింటికన్నా పాతది. లండన్‌లోని డి లా రూ కంపెనీ 1905లో ఒనోటో పేరుతో దీన్ని జనంలోకి తెచ్చింది. 1930లలో అమెరికాలో షెఫర్ అదే పద్ధతిని చేపట్టింది. ఆ కాలపు పెన్నులు ఇప్పుడు దొరికినా, కాడ చుట్టూ ఉండే సీలు ఎండిపోయి ఉంటుంది. దాన్ని మార్చడం కష్టం కాబట్టే చాలా దశాబ్దాలపాటు ఈ పద్ధతి దాదాపు మరుగున పడింది. 2000లో జపాన్ కంపెనీ పైలట్ కస్టమ్ 823తో దానికి మళ్లీ ఊపిరొచ్చింది. తర్వాత తైవాన్ నుంచి ట్విస్బీ వ్యాక్ 700, వ్యాక్ మినీ వచ్చాయి. చైనా నుంచి పెన్‌బీబీఎస్ 456, వింగ్ సంగ్ 3013 లాంటివి తక్కువ ధరకే దిగాయి. ఇక్కడినుంచి నేను వ్యాక్యూమ్ పెన్ను అన్నప్పుడల్లా ఈ కోవ పెన్ను అనే అర్థం.

గొట్టం లోపల జరిగేది

పారదర్శకమైన పెన్ను ఒకటి చేతిలో ఉంటే ఇది కళ్లారా చూడొచ్చు. వెనక మర విప్పి లాగితే సన్నటి కాడ బయటికొస్తుంది. కాడ చివర, గొట్టం లోపల, రబ్బరు వాషర్ ఒకటి ఉంటుంది. లాగేటప్పుడు దాని అంచు మెత్తగా ఒదిగి, వెనకవైపు ఉన్నదాన్ని ముందుకి పోనిస్తుంది. తోసేటప్పుడు మాత్రం గొట్టం గోడలకు బిగుసుకుపోతుంది.

పాళీని పూర్తిగా సిరాలో ముంచి కాడను నెమ్మదిగా తోస్తే వాషర్ ముందున్న గాలి పాళీ గుండా బుడగలు బుడగలుగా సీసాలోకి పోతుంది. వాషర్ వెనక పెరుగుతున్న ఖాళీలోకి గాలి రావడానికి దారి లేదు. చెయ్యికి ఒక మొండితనం తగులుతుంది, వదిలేస్తే కాడ దానంతటదే వెనక్కి జరగబోతుంది. అరంగుళం మిగిలిందనగా గొట్టం లోపలి వ్యాసం కొద్దిగా పెరుగుతుంది. వాషర్ అక్కడికి చేరగానే గోడల పట్టు వదిలేస్తుంది. ఆ క్షణంలో బయటి గాలి ఒత్తిడి సీసాలోని సిరాను గొట్టంలోకి ఎగదోస్తుంది. కళ్లు మూసి తెరిచేలోగా ఖాళీ గొట్టంలో నురగతో కూడిన సిరా లేస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాని దృశ్యం ఇది.

అయితే ఒక్క తోపుకు గొట్టం పూర్తిగా నిండదు. పాళీ మెడలోనూ, పాళీ కింద ఉండి దానికి సిరా అందించే ఫీడ్‌లోనూ ఉన్న గాలి సిరాకన్నా ముందు లోపలికి దూరుతుంది, వాషర్ వెనక ఏర్పడే శూన్యం కూడా సంపూర్ణం కాదు. మూడింట రెండొంతులు, ఇంకాస్త పైన నిండడం మామూలు. పూర్తిగా కావాలనుకునేవాళ్లు పాళీ పైకి పెట్టి కాడ లాగి, మిగిలిన గాలిని జాగ్రత్తగా బయటికి తోసి, సిరా పాళీ దగ్గరికి వచ్చాక మళ్లీ సీసాలో ముంచి తోపు పూర్తిచేస్తారు. తోపు ముగిసే క్షణంలో పాళీ మొత్తం సిరాలో మునిగి ఉండాలి, లేకపోతే పీల్చేది గాలినే. సీసా సగానికి తగ్గాక ఇది ఇబ్బందిగా మారుతుంది. అడుగున మిగిలే సిరాకోసం ట్విస్బీ ప్రత్యేకంగా ఒక సీసా చేసి అమ్ముతోంది. మన దగ్గర చాలామంది ఇంజెక్షన్ సిరంజితో ఆ పని కానిచ్చేస్తారు.

నిలవ సంగతి కూడా చెప్పుకోవాలి. సిరా ముందే నింపి అమ్మే చిన్న అంతర్జాతీయ కాట్రిడ్జ్‌లో పట్టేది సుమారు 0.75 మి.లీ. కాట్రిడ్జ్ చోట పెట్టి సీసాలోంచి సిరా పీల్చుకునే మామూలు కన్వర్టర్లు చాలావరకు అంతకు కాస్త అటూఇటూ ఉంటాయి. కస్టమ్ 823లో 2.2 మి.లీ. దాకా పడుతుంది. ఫిల్లర్‌తో సిరా పోసుకునే పెద్ద ఎబొనైట్ పెన్నులో (ఇకపై ఫిల్లర్ పెన్ను అంటే ఇదే) మూడు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. అంటే నిలవ ఒక్కటే కావలసినవాడికి వ్యాక్యూమ్ పెన్ను అక్కర్లేదు. మన ఊరి పెన్ను దాన్ని ఎప్పుడో దాటేసింది.

వెనక మర బిగిస్తే ఏమవుతుంది

కాడను పూర్తిగా తోసి వెనక మర బిగించినప్పుడు కాడ కొస మెడ మొదట్లో ఉన్న కన్నం మీద కూర్చుని దాన్ని మూసేస్తుంది. గొట్టంలోని సిరాకూ పాళీకీ సంబంధం తెగిపోతుంది. మొదట్లో చెప్పిన తలుపు, అంటే వాల్వ్, ఇదే. మర రెండు మూడు మిల్లీమీటర్లు వదులు చేస్తే మళ్లీ దారి తెరుచుకుంటుంది. పంట కాలువ మీద షట్టర్ దించడం, ఎత్తడం లాంటిదే ఈ ఏర్పాటు. దించాక కూడా దిగువన నిలిచిన నీళ్లతో కాసేపు చేను తడుస్తుంది, ఆ తర్వాత ఆగిపోతుంది.

కొత్తగా కొన్నవాళ్లు మొదట దెబ్బతినేది ఇక్కడే. ఉదాహరణకు కాకినాడలో డిగ్రీ పరీక్ష రాస్తున్న అమ్మాయిని ఊహించుకోండి. ఉదయం పెన్ను నిండుగా నింపింది, బస్సులో కారకుండా మర బిగించింది. హాల్లో కూర్చుని రాయడం మొదలుపెడితే మొదటి పేజీ చక్కగా సాగుతుంది, ఎందుకంటే ఫీడ్‌లో, మెడలో మిగిలిన సిరా అంతవరకు సరిపోతుంది. రెండో పేజీలోకో మూడో పేజీలోకో వచ్చేసరికి అక్షరం పలచబడుతుంది, గీత తెగుతుంది. గొట్టం నిండా సిరా కళ్ల ముందే ఉంటే పాళీ పాడైందనుకోవడం సహజం. నిజానికి వెనక మర రెండు చుట్లు వదులు చేస్తే చాలు. సంతకాలకీ, రెండు ముక్కల చీటీలకీ మూసి ఉంచినా ఇబ్బంది లేదు. మూడు గంటల పరీక్షకు మాత్రం తెరిచి కూర్చోవాలి.

పెన్ను ఎందుకు కక్కుతుంది: మే నెల లెక్క

మనవాళ్లు పెన్ను కక్కింది అంటారు. ఆ కక్కుకు కారణం సిరా కాదు, సిరా పైన ఉన్న గాలి. గొట్టంలో సిరా తగ్గేకొద్దీ గాలి పెరుగుతుంది. వేడెక్కితే ఆ గాలి వ్యాకోచిస్తుంది, దానికి ఉన్న దారి పాళీ ఒక్కటే కాబట్టి ముందున్న సిరాను బయటికి నెడుతుంది.

ఎంత నెడుతుందో లెక్క వేయొచ్చు. రాజమండ్రిలో ఏసీ ఆఫీసు 24 డిగ్రీలు ఉందనుకుందాం. మధ్యాహ్నం బయటికొచ్చి బండెక్కితే మే నెలలో 40 డిగ్రీలు సాధారణం. వేడి వల్లనే గాలి పరిమాణం 5 శాతం పైగా పెరుగుతుంది. దీనికితోడు గొట్టంలో ఉన్నది పొడి గాలి కాదు. సిరాలోని నీటి ఆవిరి అందులో కలిసి ఉంటుంది, వేడికి ఆ ఆవిరి ఒత్తిడి రెట్టింపుకన్నా ఎక్కువవుతుంది. రెండూ కలిపితే దాదాపు 10 శాతం. గొట్టంలో ఒక మిల్లీలీటరు గాలి ఉంటే 0.1 మి.లీ. సిరా బయటికి రావాలి. మిల్లీలీటరుకు ఇరవై చుక్కల చొప్పున చూస్తే అది రెండు చుక్కలు. అదే పెన్ను నిండుగా ఉండి గాలి 0.2 మి.లీ. మాత్రమే ఉంటే అర చుక్క కూడా రాదు. పెద్ద ఫిల్లర్ పెన్ను అడుగంటి, గాలి రెండున్నర మిల్లీలీటర్లు ఉంటే ఐదు చుక్కలు.

ఫీడ్‌కు పక్కన సన్నటి పళ్లలా గాట్లు ఉండేది ఈ ఎక్కువైన సిరాను కాసేపు పట్టి ఉంచడానికే. ఒకటి రెండు చుక్కలను మంచి ఫీడ్ ఓర్చుకుంటుంది. ఐదు చుక్కలు వస్తే మూతలోనో, చొక్కా మీదో, దస్తావేజు మీదో పడాల్సిందే. ఫిల్లర్ పెన్నును సగానికి తగ్గకముందే నింపుకోమని పెద్దవాళ్లు చెప్పే మాటలో ఉన్న శాస్త్రం ఇదే.

వేడి ఒక్కటే కాదు, ఎత్తు కూడా ఈ పని చేస్తుంది. రాజమండ్రి సముద్రమట్టానికి దగ్గరగా ఉంది, హైదరాబాదు 500 మీటర్లకు పైన. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కి పొద్దున్నే దిగేసరికి బయటి గాలి ఒత్తిడి సుమారు 6 శాతం తగ్గి ఉంటుంది. అంటే మిల్లీలీటరు గాలికి ఒక చుక్క పైచిలుకు. ఏసీ బోగీ చల్లదనం దాన్ని కొంత సర్దుతుంది, స్టేషన్లో దిగగానే ఆ సర్దుబాటు పోతుంది. మధురపూడిలో విమానం ఎక్కితే లెక్క పెరుగుతుంది. విమానం లోపలి ఒత్తిడిని 2,400 మీటర్ల ఎత్తుకు సమానమైన స్థాయికన్నా తగ్గనివ్వరు. ఆ గరిష్ఠ స్థాయికి వెళ్తే మిల్లీలీటరు గాలి మూడో వంతు పైగా పెరుగుతుంది. ఏడు చుక్కలు.

వ్యాక్యూమ్ పెన్ను మర బిగించి ఉంటే ఈ లెక్కలన్నీ తలుపు వెనకే ఆగిపోతాయి. గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది గానీ సిరాకు పాళీ దాకా దారి ఉండదు. దిగాక తెరిచేటప్పుడు పాళీని పైకి పట్టుకుంటే, కన్నం దగ్గర చేరిన గాలి ముందుగా బయటికి పోయి ఒత్తిడి సర్దుకుంటుంది. పాళీ కిందికి పెట్టి తెరిస్తే అంతసేపూ ఆపిన చుక్కలు అప్పుడు పడతాయి.

ఫిల్లర్ పెన్ను వాళ్ల వాదన

దీనికి ఎదురుగా నిలిచే వాదన బలమైనది. జేబులో పెన్ను నిలువుగా, పాళీ పైకి ఉంటే గాలి పాళీ దగ్గరే ఉంటుంది కాబట్టి బయటికి పోయేది గాలే, సిరా కాదు. విమానంలోనూ అంతే. కాబట్టి అలవాటు సరిగ్గా ఉంటే తలుపు అనవసరం అంటారు. పైగా ఎబొనైట్ వేడిని నెమ్మదిగా తీసుకుంటుంది, చేతి వేడి గొట్టంలోకి తొందరగా దిగదు. ప్లాస్టిక్ గొట్టం పల్చగా ఉంటే అంత ఆలస్యం ఉండదు.

వీటన్నిటికీ మించి రాజమండ్రి పెన్నుకు చరిత్ర ఉంది. స్వదేశీ ఉద్యమం ఊపులో 1932లో కె.వి. రత్నం మొదలుపెట్టిన పని అది. ఆయన చేసిన పెన్ను గాంధేయ ఆర్థికవేత్త జె.సి. కుమారప్ప ద్వారా గాంధీకి చేరింది. వాడి చూశాక, బజార్లలో కనబడే విదేశీ పెన్నులకు ఇది మంచి ప్రత్యామ్నాయంగా ఉందని 1935 జులైలో గాంధీ ఆయనకు ఉత్తరం రాశారు. రత్నం పెన్నులూ, అదే ఊళ్లో గైడర్ పెన్నులూ ఇప్పటికీ దొరుకుతున్నాయి. లేతు మీద ఎబొనైట్ కడ్డీ తిరుగుతున్నప్పుడు కాలిన రబ్బరూ గంధకమూ కలిసిన ఘాటు వాసన వస్తుంది. రబ్బరులో గంధకం కలిపి ఉడికిస్తేనే ఎబొనైట్ తయారవుతుంది కాబట్టి ఆ వాసన. అలాంటి పెన్నులో చెడిపోవడానికి వాషర్ లేదు, కాడ లేదు, వాల్వ్ లేదు. మర విప్పి నీళ్లు పోస్తే శుభ్రం.

నేను ఈ వాదనను సగం ఒప్పుకుంటాను. జేబు వరకు అది నిజం. రాసేటప్పుడు మాత్రం పాళీ కిందికే ఉంటుంది, ఎండన పడి వచ్చి అడుగంటిన పెన్నుతో వెంటనే సంతకం పెట్టబోతే ఏ అలవాటూ కాపాడదు. సంచిలో పడేసుకుని తిరిగేవాళ్లకు, భీమవరం చెరువుల గట్ల మీద లెక్కలు రాసుకునేవాళ్లకు పెన్ను నిలువుగా ఉండాలన్న షరతు కుదరదు. ఎక్కువగా బల్ల దగ్గరే రాసేవాడికి ఫిల్లర్ పెన్ను చాలు. తిరిగేవాడికి తలుపు కావాలి. కన్వర్టర్ వాడేవాళ్లది మూడో మాట: లోపల గాలి తక్కువ కాబట్టి కక్కేదీ తక్కువే, వారానికో రంగు మార్చుకోవచ్చు. అదీ సబబే, తరచూ నింపుకునే ఓపిక ఉంటే.

సిరా: తలుపు బతకాలంటే

వ్యాక్యూమ్ పెన్నుకు ఏ సిరా మంచిది అన్న ప్రశ్నకు రంగు కన్నా ముందు చూడవలసింది అది ఎండితే ఏమవుతుందన్నది. సిరా ఎండి పేరుకునే చోట్లు ఇందులో రెండున్నాయి: వాషర్ అంచు, కన్నం మీద కూర్చునే వాల్వ్ కొస. ఈ రెంటిలో ఎక్కడ గరుకు చేరినా పెన్ను తన పని మానేస్తుంది. వాషర్ గోడకు సరిగ్గా అంటదు, శూన్యం రాదు. కొస సరిగ్గా కూర్చోదు, మర బిగించినా సిరా జారుతుంది.

నీటిలో కరిగే రంగులతో చేసిన మామూలు సిరాలు ఎండినా మళ్లీ నీళ్లు తగిలితే కరిగిపోతాయి. క్యామ్లిన్ రాయల్ బ్లూ, బ్రిల్, 1934 నుంచి బెంగాల్ స్వదేశీ సిరాగా పేరున్న సులేఖ వారి మామూలు రంగులు, పైలట్ ఇరోషిజుకు, పెలికాన్ 4001 నీలం ఈ కోవలోవే. నా లెక్కలో వ్యాక్యూమ్ పెన్నుకు ఇవే సరైన జోడీ. వీటిలోనూ తేడాలున్నాయి. ఇరోషిజుకు పల్చగా, ధారాళంగా దిగుతుంది. పెలికాన్ 4001 పొదుపుగా దిగుతుంది. కస్టమ్ 823 పాళీ సిరాను బాగానే వదులుతుంది కాబట్టి, మన మామూలు నోటుపుస్తకాల మీద ఇరోషిజుకు పోస్తే అక్షరం అంచులు పాకి వెనక పేజీకి దిగొచ్చు. వానాకాలం కాగితం తేమ పీల్చుకుని ఉంటుంది, అప్పుడు ఈ పాకడం ఇంకా ఎక్కువ, ఆరడం ఆలస్యం. ఆ నాలుగు నెలలూ పొదుపు సిరా మేలు.

పారదర్శక గొట్టానికి ఇంకో చిక్కుంది, మరకలు. ముదురు ఎరుపులు, ఊదాలు, మెరిసే నీలాలు కొన్ని ప్లాస్టిక్‌లోకి ఇంకిపోయి కడిగినా పోవు. అమెరికా కంపెనీ నూడ్లర్స్ చేసే బేస్టేట్ బ్లూ ఈ విషయంలో పేరుమోసింది. మెరుపు పొడి కలిపిన సిరాలు మరక వేయకపోయినా, ఆ రేణువులు వాల్వ్ దగ్గర చేరతాయి కాబట్టి ఇందులో పోయకపోవడమే మంచిది. బొమ్మలకు వాడే ఇండియన్ ఇంకు సంగతి చెప్పనే అక్కర్లేదు. అందులో లక్కలాంటి బంక ఉంటుంది, ఎండితే ఏ ఇంకు పెన్నయినా అక్కడితో సరి.

వరదలో తడిసే కాగితం

ఇక్కడ డెల్టా వాళ్లకు నిజమైన ఇరకాటం ఒకటుంది. లంక గ్రామాల్లో కాగితం తడవడం ఊహించుకునే సంగతి కాదు. 1986 ఆగస్టు, 2022 జులై వరదలు చూసినవాళ్లకు పెట్టెలో కాగితాలు నానిపోవడం అంటే ఏమిటో తెలుసు. వాషబుల్ నీలం సిరాతో రాసింది గంటసేపు నీళ్లలో ఉంటే కాగితం మిగులుతుంది గానీ మాట మిగలదు. కౌలు లెక్క, అప్పు చీటీ, మామిడి తోట కొలతలు రాసేవాడికి చెరగని సిరా కావాలి.

చెరగని సిరాలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పాతకాలపు ఐరన్ గాల్. ఇందులోని ఇనుప లవణం, చెట్ల నుంచి వచ్చే వగరు ఆమ్లంతో కలిసి కాగితం మీద గాలి తగలగానే నల్లబడి నీటికి కరగని పదార్థంగా మారుతుంది. ఒకప్పటి బ్లూ-బ్లాక్ సిరాల గుట్టు ఇదే. ప్లాటినమ్ బ్లూ-బ్లాక్ ఇప్పటికీ ఈ పద్ధతిలోనే తయారవుతోంది. అయితే గాలి తగిలితే గట్టిపడే గుణం కాగితానికి వరం, గొట్టానికి శాపం. వ్యాక్యూమ్ పెన్ను నింపిన ప్రతిసారీ లోపలికి గాలీ వెళ్తుంది. వారాల తరబడి వదిలేస్తే మడ్డి కడుతుంది. సిరాలో ఆమ్లం ఉంటుంది కాబట్టి మామూలు ఉక్కు పాళీకి కూడా కాలక్రమంలో చేటే, బంగారు పాళీ తట్టుకుంటుంది.

రెండోది పిగ్మెంట్ సిరా. రంగు కరిగి ఉండదు, అతి సన్నటి రేణువులుగా తేలుతుంటుంది, కాగితం నారల్లో ఇరుక్కుపోయి నీటికి కదలదు. సెయిలర్ వారి కివాగురో, ప్లాటినమ్ కార్బన్ బ్లాక్ ఈ జాతి. రోజూ రాసే పెన్నులో ఇబ్బంది పెట్టవని వాడేవాళ్లు గట్టిగా చెబుతారు, అది నిజమే. రోజూ రాయకపోతేనే గొడవ. ఎండిన పిగ్మెంట్ నీళ్లతో తేలిగ్గా వదలదు.

ఒకే పెన్నుతో రెండు పనులూ కానివ్వాలని చూడడం కన్నా, చెరగని సిరాను విప్పి కడుక్కోగలిగే ఫిల్లర్ పెన్నులో పోసి ఇంట్లో ఉంచుకోవడం, మామూలు సిరాను వ్యాక్యూమ్ పెన్నులో పోసి వెంట తిప్పుకోవడం నాకు సబబుగా తోస్తుంది. రాజమండ్రి పెన్నులో ఐరన్ గాల్ సిరా, ఆ పెన్నుకు బంగారు పాళీ వేయించుకుంటే ఇంకా మంచిది. దస్తావేజులకు ఇంతకన్నా నమ్మకమైన జోడీ నాకు తెలియదు.

కడిగే నీళ్లు, పూసే జిడ్డు

ఫిల్లర్ పెన్ను కడగడం నిమిషాల పని. వ్యాక్యూమ్ పెన్నులో నీళ్లు కూడా అదే కాడతో నింపి, తోసి, మళ్లీ నింపాలి. వాషర్ వెనక, కాడ మొదట్లో చేరిన సిరా ఆఖరికి గానీ వదలదు. రంగు మార్చే ప్రతిసారీ ఇంత తతంగం ఉంటుంది కాబట్టి నెలకో రంగు కావాలనేవాళ్లకు ఇది నచ్చదు. ఒకే సిరాతో ఏడాదంతా రాసేవాళ్లకు సమస్య కాదు.

నరసాపురం, భీమవరం వైపు చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కడిగి ఆరబెడితే లోపల తెల్లటి పొర మిగులుతుంది, ఉప్పు ఉక్కు పాళీనీ తింటుంది. వాటర్ ప్లాంటు నుంచి తెచ్చుకునే క్యాను నీళ్లు ఈ పనికి బాగుంటాయి. వేడి నీళ్లు ఎబొనైట్‌ను వెలవెలబోయేలా చేస్తాయి, ప్లాస్టిక్ గొట్టాలకూ మంచివి కావు.

కాడ బిగుసుకుపోతే సిలికాన్ గ్రీజు చుక్క చాలు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె, వ్యాజిలీన్ రాసేవాళ్లున్నారు. వ్యాజిలీన్ పెట్రోలియం సరుకు, చాలా రకాల రబ్బరును ఉబ్బిస్తుంది. కొబ్బరినూనె చలికాలం పొద్దున గడ్డకడుతుంది, నెలలు గడిస్తే జిగటవుతుంది. ట్విస్బీ తన పెన్నులను వాడేవాళ్లే విప్పి గ్రీజు రాసుకునేలా తయారుచేస్తుంది. పైలట్ 823ను ఇంట్లో విప్పమని ఆ కంపెనీ చెప్పదు.

కొనేముందు తేల్చుకోవలసినవి

ధర తేడా ఎక్కువగా వచ్చేది పాళీ దగ్గర. కస్టమ్ 823లో 14 క్యారెట్ల బంగారు పాళీ ఉంటుంది, ట్విస్బీలో, చైనా పెన్నుల్లో ఉక్కు పాళీ. వాల్వ్ పని మూడింటిలోనూ ఒకటే. వేడికీ ప్రయాణానికీ కారని పెన్ను మాత్రమే కావాలంటే బంగారానికి డబ్బు పెట్టనవసరం లేదు. చౌక పెన్నుల్లో వాషర్ బిగువు ఒక్కో పెన్నుకు ఒక్కోలా ఉంటుందన్నది మాత్రం గమనించాలి. కొన్నాక ముందు నీళ్లతో నింపి, మర బిగించి, పాళీ కిందికి పెట్టి ఒక రాత్రి టిష్యూ కాగితం మీద నిలబెడితే తలుపు మూసుకుంటోందో లేదో తెలిసిపోతుంది. పాళీ దగ్గర మొదట కాస్త తడి వస్తుంది, అది ఫీడ్‌లోని నీరు. తడి పెరుగుతూ పోతే వాల్వ్ కూర్చోవడం లేదన్నమాట.

ఇంకో దారి ఉందని చాలామందికి తెలియదు. జపాన్‌లో చాలాకాలంగా ఫిల్లర్ పెన్నులకే ఈ తలుపు పెడుతున్నారు. ఇప్పుడు తైవాన్ కంపెనీ ఓపస్ 88 కూడా అలాంటివి చేస్తోంది. సిరా ఫిల్లర్‌తోనే పోస్తాం, వెనక మర తిప్పితే కాడ ముందుకెళ్లి కన్నం మూస్తుంది. శూన్యం లేదు, కానీ మే నెల లెక్కకు సమాధానం ఉంది. మెడ విప్పితే గొట్టం మొత్తం చేతిలోకి వస్తుంది కాబట్టి కడగడమూ సులువు.

లేతు మీద పనిచేసేవాళ్ల కోణం నుంచి చూస్తే ఈ రెంటికీ తేడా చాలా ఉంది. వ్యాక్యూమ్ పెన్నుకు గొట్టం లోపలి గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే వ్యాసంతో, గీత పడకుండా నునుపుగా ఉండాలి, చివర మాత్రమే లెక్కగా వెడల్పవాలి. ఎబొనైట్ కడ్డీని డ్రిల్లుతో తొలిచి ఆ నునుపు తేవడం పెద్ద పని. తలుపున్న ఫిల్లర్ పెన్నుకు గోడ ఎలా ఉన్నా పర్వాలేదు. మెడ దగ్గర ఏటవాలుగా తీసిన ఒక గుంట, దాని మీద కూర్చునే కొస ఉన్న కాడ, కాడ వెనక నుంచి సిరా రాకుండా ఒక రబ్బరు రింగు కావాలి. చేత్తో పెన్నులు చేసే ఊరికి అందుబాటులో ఉన్న పని అది. రాజమండ్రి ఎబొనైట్ పెన్నుకు అలాంటి తలుపు ఒకటి అమర్చి ఇస్తే కొనడానికి మొదట నిలబడేవాళ్లలో నేనూ ఉంటాను.